లేచింది, ఇంకా నడవట్లేదు

జులై 8, సోమవారం

ఇవాళ ఆసుపత్రిలో కంప్యూటర్లన్నీ ఒకేసారి పోయాయి.

పోవడమంటే ఆగిపోవడం కాదు. ఆగితే తెర నల్లబడుతుంది. ఇవి వెలుగుతూనే ఉన్నాయి. ఉదయం ఎనిమిదీ ఇరవైకి రికార్డుల గదిలో ఒక పాత కేసు షీటు తెరిచాను. పేరు ఉండాల్సిన చోట పిచ్చి అక్షరాలు. ఇంకొకటి తెరిచాను, అదీ అంతే. తర్వాత తెర మొత్తం ఎర్రబడి మధ్యలో నాలుగు లైన్ల ఇంగ్లిషు వచ్చింది. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, తాళంచెవి కావాలంటే మమ్మల్ని సంప్రదించండి. 'దయచేసి' అని కూడా ఉంది. కామాలు సరైన చోట్ల పెట్టారు. నాకు ముందు కనిపించింది ఆ కామాలే. అంత గందరగోళంలో అవెలా కనిపించాయో తెలియదు.

పది నిమిషాల్లో పరిపాలన చూసే మేడమ్ మొదటి అంతస్తు సమావేశం గదిలో ఎర్ర ఫైలు తెరిచారు. కష్టం వచ్చినప్పుడు ఎవరు నిర్ణయం తీసుకోవాలి, ఎవరికి ఏం చెప్పాలి, ఎవరు నోరు మూసుకోవాలి అన్నీ అందులో ఉంటాయి. అదే సమయానికి కింద బేస్‌మెంటులో, కంప్యూటర్లు చూసుకునే స్వెటర్ గారు నీలం ఫైలు తెరిచారు. ముందు ఏది ఆపాలి, ఏ కాపీలోంచి దేన్ని తిరిగి నిలబెట్టాలి అన్నది అందులో ఉంటుంది. సర్వర్ల గది చలి వల్ల ఆయన ఏడాది పొడవునా స్వెటరులోనే ఉంటారు. అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు.

రెండు ఫైళ్లూ టైపు చేసింది నేనే. ఎర్రది నిరుడు ఫిబ్రవరిలో, నీలం ఆగస్టులో.

ఎర్ర ఫైలు మొదటి పేజీ: అన్ని విభాగాలకీ ఫోను చేయాలి. నీలం ఫైలు మొదటి పేజీ: కంప్యూటర్ల లైన్లన్నీ పీకేయాలి. మా బల్లల మీది ఫోన్లు కూడా ఆ లైన్ల మీదే నడుస్తాయి. మేడమ్ ఫోను ఎత్తేసరికి అందులో ఊపిరి లేదు.

"దొంగలు ఫోన్లు కూడా ఎత్తుకుపోయారా!" అన్నారు మేడమ్. "నువ్వు కిందికెళ్లి అడుగు."

బేస్‌మెంటులో సెల్ సిగ్నల్ రాదు. వెళ్లాను.

"నేనే పీకాను" అన్నారు స్వెటర్ గారు, చేతిలో తీగల కట్టతో. "ఇల్లు తగలబడుతుంటే లైటు ఎందుకు ఆర్పావని అడిగిస్తారేంటమ్మాయ్ మీ మేడమ్?"

పైకి వచ్చి, "ఆయనే తీశారట మేడమ్" అన్నాను.

"ఎవర్ని అడిగి?"

మళ్లీ కిందికి.

"ఎవర్ని అడగాలి? ఆవిడ ఫైల్లో నా పేరుందా?"

లేదు. నీలం ఫైల్లో ఆవిడ పేరూ లేదు. నాకు తెలుసు. చెప్పలేదు.

మెట్లు ముప్పై నాలుగు. ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్క లేదు. పన్నెండేళ్లు కాన్వెంటులో పెదవుల మీద వేలు పెట్టుకుని వరుసలో నడిచినదాన్ని. ఆసుపత్రి మొత్తంలో తక్కువ మాట్లాడే మనిషిని మాటలు మోయడానికి పెట్టారు.

ఇంటికి వచ్చాక అమ్మ "ఏమైందే, ముఖం అలా పీక్కుపోయింది?" అంది. కంప్యూటర్లు పోయాయి అన్నాను. "పోతే కొత్తవి కొంటారు, దానికి నువ్వెందుకు ఏడుపుమొహం" అంది.

జులై 9, మంగళవారం

వార్డులన్నీ కాగితం మీద నడుస్తున్నాయి. తెల్లకాగితాలు, కార్బన్లు, పెన్నులు మోసుకుని ఆరు వార్డులూ తిరిగాను.

మూడో వార్డు అక్క నన్ను చూడగానే గుమ్మంలోంచే అరిచింది. "రావే పుస్తకాల పురుగూ, నీ రాజ్యం వచ్చింది. చూడు, అన్నీ కాగితాలే!"

పంతొమ్మిదేళ్ల నుంచి నర్సు. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నేను క్యాంటీన్లో ఒంటరిగా గోడవైపు తిరిగి తింటుంటే, పళ్లెం తెచ్చి ఎదురుగా కూర్చున్నది ఆవిడే. అప్పట్నుంచి అక్క.

ఇవాళ చిన్న నర్సులందరినీ చుట్టూ నిలబెట్టి, మందుల పట్టిక చేత్తో ఎలా గీయాలో చూపిస్తోంది. ఇద్దరికి స్కేలు పట్టుకోవడం రాలేదు. డాక్టరు రాసిన చీటీ ఒకటి వెలుతురుకి ఎత్తి పట్టుకుని, "ఇది మందు పేరా, సిరాలో పడిన చీమ నడిచిందా? వెళ్లి ఆయన్నే అడిగి రండి. ఊహించి ఇచ్చారో, వీపు చీరేస్తాను" అంది. అందరూ నవ్వారు. నిన్న ఉదయం తర్వాత విన్న మొదటి నవ్వు.

"ఎప్పుడొస్తుందట?" అని అడిగింది.

"రేపో ఎల్లుండో అక్కా."

"మీ స్వెటరాయన్ని అడిగి సరిగ్గా చెప్పు. రేపో ఎల్లుండో అంటే మా అత్తగారు ఊరెళ్లడం లాంటిది."

కింద స్వెటర్ గారు నిన్నటి నుంచి ఇంటికి పోలేదు. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. శని, ఆదివారాలు తీసి దాచిన కాపీల్లోకి కూడా ఆ పాడుది దూరిందట. శుక్రవారం కాపీ ఒక్కటే శుభ్రంగా ఉందట.

జులై 10, బుధవారం

వచ్చేసింది!

మధ్యాహ్నం పన్నెండున్నరకి స్వెటర్ గారు కబురు చెప్పారు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. మేడమ్ కుర్చీలోంచి లేచి నా భుజం పట్టుకున్నారు. ఎన్నడూ లేదు. "వెంటనే నోటీసు రాయి, నీ భాష బాగుంటుంది" అన్నారు. పది నిమిషాల్లో రాశాను. ఆవిడ చదివి, "ఒక్క మాట మార్చక్కర్లేదు" అని సంతకం పెట్టారు.

ఇక్కడ రాసి ఉంచుకుంటున్నాను, బాగా కుదిరింది కనక.

'మన ఆసుపత్రి సమాచార వ్యవస్థ నేడు పూర్వస్థితికి పునరుద్ధరించబడినదని తెలియజేయుటకు సంతోషిస్తున్నాము. అన్ని వార్డులు యథావిధిగా సేవలను కొనసాగించవచ్చును. గత మూడు దినముల కాగితపు రికార్డులను తక్షణమే రికార్డుల విభాగమునకు పంపవలెను.'

నేనే పట్టుకెళ్లి ప్రతి వార్డులోనూ అంటించాను. మూడో వార్డులో అక్క మొదటి లైను చదివి, కరెంటు వచ్చినప్పుడు పిల్లలు అరిచినట్టు "వచ్చింది!" అని అరిచింది. అందరూ చప్పట్లు కొట్టారు. మంచాల మీదివాళ్లు కూడా.

రెండు గంటలకల్లా కాగితాలన్నీ నా దగ్గరికి వచ్చేశాయి. వార్డు వారీగా పేర్చి, తెల్ల టేపుతో కట్టి బీరువాలో పెట్టాను. చూడముచ్చటగా ఉంది.

జులై 11, గురువారం

మూడో వార్డులో పద్నాలుగో మంచం ఆయన రక్తం కక్కుకున్నాడు.

ఉదయం నేను వెళ్లేసరికి ఐసీయూకి తీసుకెళ్లిపోయారు. మంచం కింద నేల కడుగుతున్నారు. ఆయన దర్జీ. కాలి నరంలో రక్తం గడ్డకట్టిందని చేరాడు. రక్తం పలచబడే ఇంజెక్షన్ ఇస్తూ వచ్చారు. సోమవారం ఐదో వార్డులో ఉండగా కడుపులో పుండు నుంచి రక్తం కారుతోందని డాక్టరు గమనించి ఆ ఇంజెక్షన్ ఆపేశారు. సోమవారం కనక ఆ మాట కాగితం మీద రాశారు. బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఆయన్ని ఐదు నుంచి మూడుకి మార్చారు. రెండున్నరకి అక్క స్క్రీన్ చూసింది. ఇవ్వాలని ఉంది. ఇచ్చింది.

స్క్రీన్‌కి సోమవారం సంగతి తెలియదు. దానికి శుక్రవారం వరకే తెలుసు.

పదకొండు గంటలకి స్వెటర్ గారు మెట్లెక్కి పైకి వచ్చారు. ఆయన్ని మొదటి అంతస్తులో ఎవరూ చూసి ఉండరు. ఎండలో కళ్లు చికిలిస్తూ నిలబడ్డారు.

"వార్డుల్ని వాడుకోమని ఎవరు చెప్పారు?"

"అదేంటండీ" అన్నారు మేడమ్. "వచ్చిందని మీరే కదా కబురు పంపారు?"

"నేను లేచింది అన్నాను."

"లేవడానికీ రావడానికీ తేడా ఏంటి?"

"ఆపరేషన్ అయిన మనిషి మంచం మీద లేచి కూర్చున్నాడనుకోండి. అదే పూట పరుగు పందేనికి పంపుతారా మేడమ్?"

"నా ఫైల్లో ఏముందో తెలుసా మీకు? పునరుద్ధరణ కబురు అందగానే పదిహేను నిమిషాల్లో వార్డులకి చెప్పాలి అని ఉంది. చెప్పాను."

"నా ఫైల్లో కాగితాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి సరిచూసేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వద్దని ఉంది!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. మధ్యలో నేనున్నాను. కిటికీలోంచి చూసినట్టు నాలోంచి చూశారు.



జులై 12, శుక్రవారం

నేను అబద్ధం రాయలేదు.

పూర్వస్థితి అన్నాను. పూర్వస్థితే. శుక్రవారం నాటి స్థితి పూర్వస్థితి కాకపోతే మరేమిటి? నిఘంటువు తీసి చూశాను. పునరుద్ధరించు అంటే మళ్లీ పైకి ఎత్తు. ఎత్తడమే జరిగింది. మాటలో తప్పు లేదు.

సంతకం నాది కాదు. నేను రాయమన్నది రాసేదాన్ని.

స్వెటర్ గారు లేచింది అన్న మాట నిజమే. అది నోటీసులో రాసే మాటేనా? వ్యవస్థ లేచింది అని రాస్తే జనం నవ్వరా? బడిలో తెలుగు మాట్లాడితే గోడవైపు తిరిగి నిలబడాలి మేం. నాకు రాసే తెలుగు మనుషుల నోట్లోంచి రాలేదు, పుస్తకాల్లోంచి వచ్చింది. కాస్త మొరటు మాట కనబడితే చెయ్యి దానంతట అదే దిద్దేస్తుంది. అది అలవాటు. అలవాటు నేరం కాదు.

ఆయన ఇంకో మాట కూడా అన్నారు. అదీ రాసేస్తున్నాను.

"లేచింది. ఇంకా నడవట్లేదు అని చెప్పు" అన్నారు.

వెలిసిపోయిన స్వెటరు, వాచిన కళ్లు, చేతిలో చల్లారిన టీ. హాస్యం అనుకున్నాను. నవ్వాను కూడా.

మధ్యాహ్నం మేడమ్ పిలిచి అక్కకి ఇవ్వాల్సిన నోటీసు టైపు చేయమన్నారు. 'విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం.' విచారణ అయ్యేదాకా సస్పెన్షన్. విచారణ బుధవారం. నిర్లక్ష్యం రుజువైతే నర్సు లైసెన్సు కూడా పోతుందట.

టైపు చేశాను. తప్పులు లేకుండా చేశాను.

జులై 13, శనివారం

దర్జీగారు బతికే ఉన్నారు.

జులై 14, ఆదివారం

అక్క ఇంటికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను.

బిస్కెట్ల పొట్లం పట్టుకుని గుమ్మంలో నిలబడితే, "చావు పలకరింపుకి వచ్చినట్టు ఆ మొహం ఏంటే? లోపలికి రా" అంది. యూనిఫాంలు ఇస్త్రీ చేస్తోంది. మూడు జతలు. ఎక్కడికీ వేసుకెళ్లేది లేదు కదా అని నేను అడగలేదు. నా చూపు చూసి తనే అంది, "చెయ్యి ఊరుకోదు."

టీ పెట్టింది. పొట్లం విప్పి నా ముందే పెట్టింది. తను తినలేదు.

"ఆవిడ చెప్పిందే" అంది ఉన్నట్టుండి.

"ఎవరక్కా?"

"దర్జీగారి భార్య. నేను సూది తీసుకుని వెళ్తే, అమ్మా, ఇది ఆపేశారమ్మా అంది. సోమవారం డాక్టరుగారు వద్దన్నారు అంది. నేనేం చేశానో తెలుసా? స్క్రీన్ ఆవిడ వైపు తిప్పాను. ఇదుగో చూడండి, ఇవ్వమని ఉంది అన్నాను. ఆవిడకి చదువు రాదు. సరేనమ్మా, మీకు తెలుస్తుంది అంది."

ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"పంతొమ్మిదేళ్లు. కాగితం మీద నడిచినన్నాళ్లూ ప్రతి మందూ రెండుసార్లు అడిగి ఇచ్చాను. మనిషి నోటితో చెబుతుంటే మిషన్‌ని నమ్మాను. వచ్చేసింది అన్నారు కదా, ఇంకేం అనుకున్నాను. నాదే తప్పు. బుధవారం అదే చెబుతాను, ఎవరి మీదా తోయను."

ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. గ్లాసులో టీ అయిపోయింది. ఇంకొంచెం పోసింది. తాగాను. బిస్కెట్ తిన్నాను. రెండు.

"నువ్వు మాట్లాడవు కాబట్టే నీతో మాట్లాడాలనిపిస్తుంది" అంది వాకిట్లోకి వచ్చి.

అమ్మ అడిగింది, ఎలా ఉంది పాపం అని. బాగానే ఉంది అన్నాను.

జులై 15, సోమవారం

దర్జీగారి భార్య రికార్డుల గదికి వచ్చింది. ఐసీయూ బయట బెంచీ మీదే ఉంటోందట నాలుగు రోజుల నుంచి. సన్నగా, పొట్టిగా ఉంది. చేతిసంచీ గుండెకి హత్తుకుని నిలబడింది.

"అమ్మా, పోయిన సోమవారం డాక్టరుగారు రాసిన కాగితం ఉంటుందంట. ఒకసారి చూపిస్తావా?"

"అది... మీకు చదవడం..."

"చదవనమ్మా. చూస్తాను. ఉందో లేదో. నేను కలగన్నానేమో అనిపిస్తోంది."

బీరువా తీశాను. ఐదో వార్డు కట్ట. టేపు ముడి విప్పాను. తొమ్మిదో కాగితం ఆయనది. 'ఆపాలి' అని ఉంది. కింద రెండు గీతలు. గీత కాగితాన్ని చీరేంత గట్టిగా కొట్టారు.

వేలు పెట్టి చూపించాను. ఆవిడ ఆ మాట మీద తన వేలు పెట్టింది.

"ఇదేనా?"

"ఇదే."

"ఈయనకి సూది ఇచ్చేటప్పుడు ఈ కాగితం ఎక్కడుందమ్మా?"

"ఇక్కడే."

"ఎవరి దగ్గర?"

"నా దగ్గర."

తల ఊపింది. తిట్టలేదు. "పదిలంగా పెట్టావులే" అని వెళ్లిపోయింది. వెటకారం కాదు. నిజంగానే అంది.

కాగితాలు రికార్డుల విభాగానికి పంపాలన్న వాక్యం మేడమ్ చెప్పలేదు. స్వెటర్ గారూ చెప్పలేదు. అది నేను చేర్చాను. నీలం ఫైలు చివరి పేజీలో ఉంటుంది ఆ మాట. అక్కడ ముందు కాగితాలు తెప్పించాలి, ఎక్కించాలి, వార్డువాళ్లు సరిచూడాలి, ఆ తర్వాతే వాడనివ్వాలి. ఎర్ర ఫైల్లో కబురు రాగానే చెప్పేయాలి. రెండూ కంఠతా వచ్చింది నాకొక్కదానికే. బాగుంటుందని ఒక వాక్యం అందులోంచి, ఒక వాక్యం ఇందులోంచి తీసి కలిపాను. నోటీసు నిండుగా కనిపించింది. వాడండి, కాగితాలు పంపేయండి. వరుస తలకిందులైంది.

స్వెటర్ గారు బుధవారం అన్నది మొత్తం ఇది. "లేచింది. ఇంకా నడవట్లేదు అని చెప్పు. శుక్రవారం పడుకున్న మనిషి ఇప్పుడు లేచాడనుకో. మధ్యలో ఏం జరిగిందో వాడికి తెలీదు. ఆ కాగితాలు చదివి వినిపించేదాకా వాడి మాట నమ్మద్దని చెప్పమ్మాయ్."

అంత స్పష్టంగా చెప్పారు. నాకు అర్థమయ్యేలా, అక్కకి అర్థమయ్యేలా, ఆవిడకి కూడా అర్థమయ్యేలా. నేను మెట్లెక్కుతూ దాన్ని శుభ్రం చేశాను.

జులై 16, మంగళవారం

దర్జీగారు కళ్లు తెరిచారు. నీళ్లు అడిగారట. డాక్టర్లు గండం గడిచింది అంటున్నారు. మేడమ్ ఊపిరి పీల్చుకున్నారు. కింద స్వెటర్ గారు మొదటిసారి ఇంటికెళ్లి పడుకున్నారట.

అందరూ తేలికపడ్డారు. ఆయనే బతికాక ఇంక ఎవరు ఏమన్నారన్నది ఎవరికి కావాలి? అక్కని కూడా మందలించి వదిలేస్తారు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే మళ్లీ మొదటికొస్తుంది. మేడమ్ ఇరుక్కుంటారు. అందరికీ ఇబ్బంది.

చెప్పకపోవడమే మంచిది.

మేడమ్ సాయంత్రం పిలిచి, రేపటి విచారణలో ఎవరేమన్నారో మినిట్స్ రాయమన్నారు.

జులై 17, బుధవారం

సూపరింటెండెంటు గారు మధ్యలో కూర్చున్నారు. కుడివైపు మేడమ్, ఎర్ర ఫైలు. ఎడమవైపు స్వెటర్ గారు, నీలం ఫైలు. ఎదురుగా అక్క, ఇస్త్రీ చేసిన యూనిఫాంలో. నేను మూలన, నోటు పుస్తకంతో.

గంటన్నర ఆ రెండు ఫైళ్లూ పోట్లాడుకున్నాయి. నేను అన్నీ రాసుకున్నాను.

సూపరింటెండెంటు గారు అక్క వైపు తిరిగారు. "సిస్టర్, రోగి భార్య చెప్పినా ఎందుకు ఇచ్చారు?"

"నా పొరపాటు సార్."

"స్క్రీన్ మీద ఉన్నది పాతదని తెలియదా?"

"తెలియదు సార్. అయినా అడగాల్సింది. నాదే."

"రాసుకోండి" అన్నారు ఆయన నా వైపు చూడకుండా. "సిస్టర్ తన నిర్లక్ష్యాన్ని అంగీకరించారు."

'సిస్టర్ తన' దాకా రాశాను. పెన్ను ముందుకు పోలేదు. సిరా అయిపోలేదు. నొక్కి చూశాను. చెయ్యి కదలలేదు.

"ఆవిడ నిర్లక్ష్యం అనలేదు" అన్నాను.

ఎవరూ వినలేదు. మేడమ్ ఏదో కాగితం తిప్పుతున్నారు.

"ఆవిడ పొరపాటు అన్నారు. మీరు మార్చారు."

"ఏంటమ్మా? గట్టిగా చెప్పు."

లేచి నిలబడ్డాను. బల్ల తగిలి నీళ్ల గ్లాసు పడింది. ఎవరో తుడవబోయారు.

"స్వెటర్ గారు లేచింది అన్నారు. ఇంకా నడవట్లేదు అన్నారు. శుక్రవారం మనిషి అన్నారు. కాగితాలు చదివేదాకా నమ్మద్దన్నారు. నాతో అన్నారు. నేను మేడమ్‌కి అలా చెప్పలేదు. వచ్చింది అని చెప్పాను. నోటీసు నేనే రాశాను. కాగితాలు పంపించేయమని ఎవరూ చెప్పలేదు, నేనే రాశాను. ఆపాలి అన్న కాగితం నా బీరువాలో ఉంది."

స్వెటర్ గారు నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశారు.

"ఎందుకు మార్చావు?" అన్నారు సూపరింటెండెంటు గారు.

"బాగోలేదని."

"ఏది?"

"ఆ మాట. నోటీసులో బాగుండదని."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. మేడమ్ గొంతు సవరించుకుని, "సంతకం నాది సార్. కింది నుంచి వచ్చిన మాట ఏంటో దిగి వెళ్లి అడగలేదు. ముప్పై మెట్లు" అన్నారు.

"ముప్పై నాలుగు" అన్నారు స్వెటర్ గారు. "నేనూ ఎక్కలేదు."

"రాసుకో అమ్మా" అన్నారు సూపరింటెండెంటు గారు నాతో. "నువ్వు చెప్పింది కూడా. చెప్పింది చెప్పినట్టు."

రాశాను. బాగోలేదని అన్న మాటతో సహా.

అక్క సస్పెన్షన్ ఎత్తేశారు. నా మీద విచారణ వచ్చే వారం.

బయట వరండాలో అక్క నా కోసం ఆగి ఉంది. నేను దగ్గరికి వెళ్లాను. థాంక్స్ చెబుతుందని అనుకున్నానేమో. అనుకోలేదని రాస్తే అబద్ధం.

"ఆదివారం మా ఇంటికొచ్చావు" అంది. గొంతు పెంచలేదు. "టీ తాగావు. నేను నాదే తప్పు, నాదే తప్పు అని ఏడుస్తుంటే నా ఎదురుగా కూర్చుని బిస్కెట్లు తిన్నావు కదే."

వెళ్లిపోయింది.

జులై 18, గురువారం

రెండు ఫైళ్లనీ ఒకటి చేయమన్నారు. ఉదయం మేడమ్, స్వెటర్ గారు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఎర్ర ఫైలు పిన్నులు ఆయన పీకారు, నీలం ఫైలువి ఆవిడ పీకారు. వాళ్లు చెప్పింది నేను రాశాను. ఏ మెట్టు తర్వాత ఏ మెట్టు, ఎవరు ఎవరికి ఎదురుపడి చెప్పాలి. లేచింది అంటే ఏమిటి, నడుస్తోంది అంటే ఏమిటి. ఆ రెండు మాటలూ అలాగే ఉంచాం.

చివరి పేజీ వార్డు నర్సు చూసి సంతకం పెట్టాలన్నారు. పట్టుకుని మూడో వార్డుకి వెళ్లాను.

అక్క నిలబడే చదివింది. నా మొహం చూడలేదు.

"సంబంధిత బాధ్యులు ధ్రువీకరించిన పిమ్మట. అంటే ఎవరు?"

"మీరే అక్కా."

"అయితే వార్డు నర్సు అని ఏడువు. ధ్రువీకరించడమంటే నేనేం చెయ్యాలి?"

"కాగితం పక్కన పెట్టుకుని స్క్రీన్‌తో సరిచూడాలి."

"అదే రాయి మరి."

కొట్టేసి రాశాను. మళ్లీ చదివింది. సంతకం పెడుతుందని పెన్ను ఇవ్వబోయాను. కాగితమే నా చేతిలో పెట్టింది.

"దర్జీగారి భార్యకి చదివి వినిపించు. ఆవిడకి అర్థమైతే అప్పుడు పెడతాను."

ఐసీయూ బయట బెంచీ మీద ఆవిడ కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. చదివాను.

"గట్టిగా చదువమ్మా."

గట్టిగా చదివాను. నడవాలో పోయేవాళ్లు తిరిగి చూశారు. ఆవిడ చివరిదాకా వింది.

"మనిషి పక్కన కూర్చున్నవాళ్లు ఏదైనా చెబితే అది కూడా వినాలని ఉందా ఇందులో?"

లేదు.

"రాసుకో" అంది.

కాగితం మోకాలి మీద పెట్టుకుని, ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాశాను.